నాయకుడి మెజర్ కమిటీకి లిమిట్ లేదంటే నమ్మి చెక్కు రాయొచ్చా? (కాలిఫోర్నియా)

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మీ ఊరి సిటీ కౌన్సిల్‌లో ఉన్న ఒక తెలుగాయన మళ్లీ పోటీ చేస్తున్నారు. మీరూ మీ ఆవిడా ఆయన ప్రచారానికి చట్టం ఒప్పుకున్నంత మేర ఇచ్చేశారు. ఇప్పుడు ఆయనే ఫోన్ చేసి "నవంబరు బ్యాలెట్ మీద పార్కుల పన్ను మెజర్ ఉంది, దాని కోసం నేను వేరే కమిటీ పెట్టాను, దానికి లిమిట్ లేదు, పాతిక వేల డాలర్లు రాయండి" అన్నారు (మెజర్ అంటే జనం నేరుగా ఓటేసి తేల్చే ప్రతిపాదన). ఇది చట్టబద్ధమేనా, తేడా వస్తే ఎవరు పట్టుకుంటారు, మన మీదకేమైనా వస్తుందా అన్నది మీ సందేహం. మీ బావమరిది ఇచ్చిన చెక్కు సంగతి చివర్లో చెప్తాను, నిజానికి నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే.

నేను లాయర్ని కాదు. కాలిఫోర్నియాలో చాలా ఏళ్లుగా స్థానిక ప్రచార కమిటీలకు ట్రెజరర్‌గా లెక్కలు చూస్తున్నాను, కాబట్టి ఈ నిబంధనలతో రోజూ కుస్తీ పట్టేవాణ్ణి.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఈ రాష్ట్రంలో అభ్యర్థి ఎన్నికల కమిటీకి ఇచ్చే చందాకు పరిమితి ఉంది, బ్యాలెట్ మెజర్ కమిటీకి ఇచ్చేదానికి లేదు, ఆ మెజర్ కమిటీని నడిపేది అదే అభ్యర్థి అయినా సరే లేదు. అంటే పరిమితి మనిషిని చూసి పెట్టింది కాదు, బ్యాంకు ఖాతాను చూసి పెట్టింది. ఒకే నాయకుడి చేతిలో రెండు ఖాతాలుంటాయి, ఒకదానికి హద్దు, రెండోదానికి హద్దు లేదు, ఇక అమలు చేసేవాళ్ల పనంతా హద్దు లేని ఖాతాలోంచి హద్దు ఉన్న పనికి డబ్బు జారిందా అని వెతకడమే. జారిందని నిరూపించడం ఎంత కష్టమో తెలిస్తే, మీకు వచ్చిన ఫోన్ కాల్ ఎందుకంత ధైర్యంగా వచ్చిందో కూడా తెలుస్తుంది.

మనవాళ్లకు ఇది వింతగా అనిపించడానికి కారణముంది, మన దగ్గర వ్యవహారం దాదాపు తిరగేసి ఉంటుంది. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు అని 2022 నుంచి హద్దు ఉంది (అదెంత బాగా అమలవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు), కానీ ఒక మనిషి పార్టీకి ఎంత ఇవ్వొచ్చన్నదానికి పైహద్దు లేదు. అమెరికాలో 1976లో బక్లీ వర్సెస్ వాలియో కేసులో సుప్రీంకోర్టు ఖర్చుకు హద్దు పెట్టడం వాక్‌స్వాతంత్ర్యానికి అడ్డం అని కొట్టేసి, చందాకు హద్దు మాత్రం లంచగొండితనాన్ని ఆపడానికి అవసరమే అని ఉంచింది. ఆ లంచం అనే కారణం మీదే పరిమితులన్నీ నిలబడ్డాయి. మరి మెజర్ ఎన్నికలో జనం ఓటేసేది ఒక చట్టానికి, అక్కడ లంచం తీసుకోవడానికి అభ్యర్థి ఎవరున్నారు? 1978లో బెల్లోటి కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే అంది, 1981లో బర్క్‌లీ నగరం మెజర్ కమిటీలకు పెట్టిన 250 డాలర్ల పరిమితిని అదే దారిలో కొట్టేసింది. అప్పట్నుంచి మెజర్ కమిటీలకు పాతిక వేలేంటి, పాతిక లక్షలిచ్చినా అడిగేవాడు లేడు. ఆ కమిటీని నడిపేది ఓట్లడిగే నాయకుడే అయితే అభ్యర్థి లేడనే వాదన ఎలా నిలుస్తుందన్నది వేరే ప్రశ్న, దాని మీదే ఇరవై ఏళ్ల కిందట పెద్ద గొడవ జరిగింది.

ఆ గొడవకు ముందు అంకెలు చూడండి. 2000 నవంబరులో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 34తో (రాష్ట్రమంతా ఓటేసే మెజర్‌ని ప్రపోజిషన్ అంటారు) రాష్ట్ర పదవులకు పరిమితులు వచ్చాయి, రెండేళ్లకోసారి ధరలను బట్టి పెరుగుతాయి. 2025-26కి శాసనసభ అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు ఒక్కో దాత నుంచి 5,900 డాలర్లు, గవర్నర్ అభ్యర్థికి 39,200. సొంత పరిమితి పెట్టుకోని సిటీలకు, కౌంటీలకు 2021 జనవరి నుంచి ఆ 5,900 లాంటి శాసనసభ అంకే వర్తిస్తుంది. మీ సిటీ సొంతంగా పెట్టుకుని ఉంటే మాత్రం ఆ అంకె వేరు, దాన్ని అమలు చేయాల్సిందీ సిటీయే. ఇది ముందు సిటీ క్లర్క్‌ని అడగండి, ఎందుకంటే ఫిర్యాదు ఎక్కడికి వెళ్లాలో కూడా దీన్ని బట్టే ఉంటుంది.

ఇక జారడం అంటే ఏంటో తెలియాలంటే 2003 రీకాల్ ఎన్నిక చూడాలి. గవర్నర్ గ్రే డేవిస్‌ని దించే ఎన్నికలో లెఫ్టినెంట్ గవర్నర్ క్రూజ్ బుస్టమాంటే పోటీకి దిగారు. అప్పటికి గవర్నర్ అభ్యర్థికి పరిమితి 21,200 డాలర్లు. ఆయన దగ్గర పరిమితులు అమల్లోకి రాకముందు పెట్టిన పాత ఎన్నికల కమిటీ ఒకటి మిగిలి ఉంది. క్యాసినోలు నడిపే ఆదివాసీ తెగల నుంచి, యూనియన్ల నుంచి లక్షల డాలర్ల చెక్కులు ఆ పాత కమిటీలోకి తీసుకున్నారు. గోల మొదలయ్యాక, అదే బ్యాలెట్ మీద ఉన్న ప్రపోజిషన్ 54ని వ్యతిరేకించే కమిటీ తన పేరు మీదే పెట్టి, డబ్బు దాంట్లోకి మార్చి టీవీ ప్రకటనలు వేయించారు. ప్రకటనలో కనిపించేది ఎవరనుకున్నారు? ఆయనే. మాట్లాడేది 54 గురించి, ఓటరు కళ్లకు కనిపించేది గవర్నర్ పదవికి పోటీ చేస్తున్న మనిషి. రిపబ్లికన్ సెనేటర్ రాస్ జాన్సన్ కోర్టుకెళ్లారు, ఇది చట్టవిరుద్ధమని సెప్టెంబరులో శాక్రమెంటో జడ్జి తేల్చారు, మిగిలింది తిరిగిచ్చేయమన్నారు, తీరా చూస్తే డబ్బు ప్రకటనలకు అయిపోయిందన్నారు. మరుసటి ఏడాది ఎఫ్‌పీపీసీతో (ఈ చందాల నిబంధనలు అమలు చేసే రాష్ట్ర కమిషన్) రాజీలో ఆయన వైపు కట్టింది 2,63,000 డాలర్లు. చేతులు మారినవి కొన్ని మిలియన్లు, ఎన్నిక ఎప్పుడో అయిపోయింది. అక్టోబరులో ఆయన ఓడిపోయారనుకోండి, గెలిచి ఉంటే ఆ జరిమానా ఒక గవర్నర్‌కి ఎంత బరువై ఉండేదో ఊహించుకోండి.

ఒక పార్టీనే అంటున్నానని అనుకోకండి. అదే ఎన్నికలో గెలిచిన ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ బ్యాంకు నుంచి 45 లక్షల డాలర్ల అప్పు తీసుకుని ప్రచారానికి వాడారు. ప్రపోజిషన్ 34 ప్రకారం అభ్యర్థి తన ప్రచారానికి లక్ష డాలర్లకు మించి అప్పు ఇవ్వకూడదు. అది కూడా తప్పే అని 2004 జనవరిలో కోర్టు అంది.

ఎఫ్‌పీపీసీ అంటే ఫెయిర్ పొలిటికల్ ప్రాక్టీసెస్ కమిషన్. 1974లో ఓటర్లే పెట్టుకున్న అయిదుగురు సభ్యుల సంస్థ, ఒకే పార్టీవాళ్లు ముగ్గురికి మించకూడదు. బుస్టమాంటే వ్యవహారం చూశాక వీళ్లు 2004లో ఒక రెగ్యులేషన్ తెచ్చారు: మెజర్ కమిటీని నడిపేది అభ్యర్థి అయితే, ఆ అభ్యర్థి ఎన్నికకున్న పరిమితే మెజర్ కమిటీకి కూడా వర్తిస్తుంది అని. నా దృష్టిలో మీ సమస్యకు సూటి మందు అదే. కానీ అప్పటికి గవర్నర్‌గా ఉన్న ష్వార్జెనెగర్ 2005 నవంబరు ప్రత్యేక ఎన్నికకు నాలుగు మెజర్లు నెత్తికెత్తుకున్నారు, వాటికి కోట్ల డాలర్లు కావాలి. ఆయనకు మద్దతుగా పుట్టిన సిటిజన్స్ టు సేవ్ కాలిఫోర్నియా అనే బృందం, అసెంబ్లీ సభ్యుడు కీత్ రిచ్‌మన్‌తో కలిసి కోర్టుకెళ్లింది. 2005 మార్చిలో శాక్రమెంటో జడ్జి షెలియాన్ చాంగ్ ఆ నిబంధన అమలును ఆపేశారు, 2006లో అప్పీలు కోర్టు ఆమె మాటే సరి అంది. చట్టంలో లేని పరిమితిని కమిషన్ తన రెగ్యులేషన్‌తో తగిలించలేదు అన్నది సారాంశం. ఇంతా చేస్తే 74 నుంచి 77 వరకు ఆ నాలుగు ప్రపోజిషన్లనూ ఓటర్లు తిప్పికొట్టారు, నిబంధన మాత్రం పోయింది.

మరి చట్టాన్నే మార్చొచ్చు కదా అంటారా? మార్చొచ్చు. దానికి శాసనసభ రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, లేదా మళ్లీ ఓటర్ల దగ్గరికి వెళ్లాలి. సొంత మెజర్ కమిటీలు పెట్టుకునేవాళ్లే తమ కమిటీలకు మూత బిగించుకోవాలన్నమాట. నేనైతే దాని కోసం ఎదురుచూడటం మానేశాను.

రీకాల్‌లోనూ ఇంతే. పదవిలో ఉన్నవాళ్ల మీద రీకాల్ వస్తే, దాన్ని ఎదుర్కోవడానికి పెట్టే కమిటీకి ప్రపోజిషన్ 34లోనే పరిమితి తీసేశారు. 2021లో గవర్నర్ న్యూసమ్ మీద రీకాల్ వచ్చినప్పుడు నెట్‌ఫ్లిక్స్ రీడ్ హేస్టింగ్స్ 30 లక్షల డాలర్లు ఇచ్చారు, అదే ఏడాది మామూలు గవర్నర్ ఎన్నికకు ఆయన ఇవ్వగలిగింది 32,400. రెండూ న్యూసమ్‌కే, రెండూ చట్టబద్ధమే.

ఇప్పుడు మీ కౌన్సిల్ మెంబర్ దగ్గరికి వద్దాం. రెగ్యులేషన్ పోయినా కొన్ని కళ్లేలు మిగిలాయి. అభ్యర్థి నడిపే మెజర్ కమిటీ పేరులో ఆ అభ్యర్థి పేరు ఉండాలి, ఏ మెజర్ కోసమో చెప్పాలి, ఆ డబ్బు ఆ మెజర్ పనికే వాడాలి. దారి ఒకవైపే అనుకోండి: ఎన్నికల కమిటీ డబ్బు మెజర్‌కి పంపొచ్చు, మెజర్ డబ్బు తన ఎన్నికకు తేకూడదు. మెజర్ కమిటీ డబ్బుతో వేసిన కరపత్రంలో ఆయన ఫొటో ఉండటం నేరం కాదు, కానీ అది ఆయనకే ఓటెయ్యండి అన్నట్టుంటే ఆ ఖర్చు ఆయన ఎన్నికకు చందా కిందకి వస్తుంది, అప్పుడు 5,900 పరిమితి వచ్చి మీద పడుతుంది. ఓటెయ్యండి అన్న మాట ఒక్కటీ లేకుండా నాలుగు పేజీలు ఆయన్ని పొగిడే కరపత్రాలు నేను చూశాను, వాటి మీద కేసు నిలబెట్టడం అంత తేలిక కాదు.

ఇంకో ఎత్తు ఏంటంటే, కమిటీ మీద తన పేరే లేకుండా చూసుకోవడం. పేరుకు ఎవరో స్నేహితుడు అధ్యక్షుడు, ట్రెజరర్ ఇంకొకరు, కానీ ఏ ప్రకటన ఎప్పుడు వెయ్యాలో, ఎవరికి ఎంత చెల్లించాలో చెప్పేది నాయకుడు. చట్టం ఇక్కడ బాగానే గట్టిగా ఉంది, నాయకుడు గానీ ఆయన తరఫు మనిషి గానీ కమిటీ నిర్ణయాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం చూపిస్తే చాలు, అది ఆయన నడిపే కమిటీ కిందే లెక్క, కాగితం మీద ఎవరున్నా సరే. కానీ ప్రభావాన్ని నిరూపించాలంటే ఈమెయిళ్లు కావాలి, ఫోన్ మెసేజ్‌లు కావాలి, ఒకే కన్సల్టెంట్‌కి రెండు కమిటీలూ చెల్లిస్తున్నాయా, చెక్కుల మీద సంతకం ఎవరిది, ఇవన్నీ కావాలి. నిధులు అడగడానికి సభకు వచ్చి మాట్లాడటం ఒక్కటే నిరూపణ కాదు.

డబ్బు తేదీలతో కేసు ఎలా కడతారో చూడాలంటే బెర్రీహిల్ అన్నదమ్ముల కేసు మంచి ఉదాహరణ. 2008లో టామ్ బెర్రీహిల్ తన కమిటీ నుంచి తమ్ముడు బిల్ అసెంబ్లీ ప్రచారానికి సాయం చేయాలనుకున్నారు. ఒక అభ్యర్థి ఇంకో అభ్యర్థికి ఇవ్వగలిగింది అప్పుడు 3,600 డాలర్లు. పార్టీ కమిటీలు అభ్యర్థికి ఎంతైనా ఇవ్వొచ్చు. అందుకని స్టానిస్లాస్, శాన్ వాకిన్ కౌంటీల రిపబ్లికన్ కమిటీలకు మొత్తం 40,000 డాలర్లు పంపితే, కొన్నాళ్లలోనే అక్కణ్నుంచి తమ్ముడి ప్రచారానికి చేరాయి. చట్టం లెక్కలో ఇది అసలు దాత పేరు దాచి ఇంకొకరి చేత ఇప్పించడం, ఎఫ్‌పీపీసీ అన్నిటికంటే సీరియస్‌గా తీసుకునేది దీన్నే. 2014లో కమిషన్ 3,00,000 డాలర్ల జరిమానా వేసింది. 40,000కి మూడు లక్షలు, ఈ లెక్క నాకు నచ్చింది. కానీ 2008లో జరిగినదానికి 2014లో శిక్ష. ఈలోపు టామ్ సెనేట్‌కి కూడా వెళ్లారు.

పట్టుకునే పద్ధతి ఇలా ఉంటుంది. ఎవరైనా ఫిర్యాదు పెట్టొచ్చు, ప్రమాణం చేసి సంతకంతో పెడితే ఏం చేయబోతున్నారో 14 రోజుల్లో చెప్పాలి. ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగం బ్యాంకు రికార్డులు తెప్పిస్తుంది, ఆధారం ఉందనిపిస్తే ముందుకెళ్తుంది, చాలా కేసులు విచారణ దాకా పోకుండా ఒప్పందంతోనే ముగుస్తాయి. జరిమానా ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల వరకు. అయిదేళ్లు దాటితే కేసు పెట్టడానికి వీల్లేదు. అందుకే ప్రచారం నడుస్తుండగా కోర్టుకెళ్లి ఆపించగలిగితేనే ఉపయోగం అని నా నమ్మకం, జరిమానా దాకా ఆగితే అది చాలామంది కన్సల్టెంట్లకు ప్రచార ఖర్చులో ఒక పద్దు లాంటిది.

మీ మీదకు ఏం వస్తుందన్నారు కదా. పరిమితి దాటితే ఇచ్చినవాళ్లదీ తప్పే, తీసుకున్నవాళ్లదీ తప్పే. మీరు మెజర్ కమిటీకి అని నమ్మి రాశారు, తర్వాత ఆయన దాన్ని దారి మళ్లించారు అంటే తప్పు ఆయనది, కాకపోతే ఫోన్‌లో "ఇది నా ఎలక్షన్‌కే పనికొస్తుందిలెండి" లాంటి మాట ఏదైనా అని ఉంటే, మీరు తెలిసి రాసినట్టవుతుంది. అలాంటి మాట వినబడితే చెక్కు రాయకండి, నేనింతకంటే మెత్తగా చెప్పలేను.

మీకు కంపెనీలు ఉన్నాయన్నారు. రెండు మూడు ఎల్‌ఎల్‌సీలు ఉన్నా వాటి చందాలను నడిపేది మీరొక్కరే అయితే అవన్నీ మీ చందాతో కలిపి ఒకే దాత కింద లెక్క, ప్రతిదాని పేరా 5,900 ఇవ్వడం కుదరదు, ఇదివరకు అలా ఏమైనా ఇచ్చారేమో ఒకసారి చూసుకోండి. భార్యాభర్తలకు ఎవరి పరిమితి వాళ్లదే. పద్దెనిమిది నిండని పిల్లల పేరుతో ఇచ్చింది తల్లిదండ్రులదే అనుకుంటారు.

పాతిక వేలు రాస్తే ఇంకో బాధ్యత వస్తుంది, దీన్ని చాలామంది చూసుకోరు. ఒక క్యాలెండర్ ఏడాదిలో కాలిఫోర్నియా అభ్యర్థులకు, కమిటీలకు కలిపి 10,000 డాలర్లు ఇచ్చినవాళ్లు మేజర్ డోనర్ అవుతారు, మీరే ఫారం 461 దాఖలు చెయ్యాలి. ఈ విషయం మీకు రాసి పంపాల్సిన బాధ్యత చెక్కు తీసుకున్న కమిటీది, వాళ్లు పంపలేదు కాబట్టి నాకు తెలియదంటే కుదరదు. ఎన్నికకు ముందు 90 రోజుల్లో 1,000 డాలర్లు గానీ ఆపైన గానీ వచ్చిన చందాను కమిటీ 24 గంటల్లో బయటపెట్టాలి, అంటే వారం తిరక్కుండా మీ పేరు ఊరందరికీ తెలుస్తుంది, అది మీకు ఇష్టమేనా చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, మీ వ్యాపారానికి ఆ సిటీలో ఏదైనా పర్మిట్, లైసెన్స్, జోనింగ్ మార్పు పెండింగ్‌లో ఉందా? ఉంటే అసలు కథ వేరు. లెవైన్ యాక్ట్ అని ఒకటుంది, స్థానికంగా ఎన్నికైన వాళ్లకు 2023 నుంచి వర్తిస్తోంది, 2025 నుంచి హద్దు 500 డాలర్లు. ఆ పని నడుస్తున్నంతకాలం, తేలాక మరో ఏడాది, ఆ నిర్ణయంలో పాలుపంచుకునే నాయకుడు మిమ్మల్ని 500 దాటి అడగకూడదు, మీరు ఇవ్వకూడదు. అది ఆయన ఎన్నికకా, ఆయన మెజర్ కమిటీకా, ఇంకెవరి కమిటీకో ఇప్పించారా అన్న తేడా అక్కడ లేదు. విచిత్రంగా మెజర్ కమిటీ చెక్కును పట్టుకోగలిగే చట్టం ఈ రాష్ట్రంలో ఏదైనా ఉందంటే నా లెక్కలో ఇదే.

ఇక మీ బావమరిది. హెచ్1బీ మీద ఉన్నారు, సభలో మొహమాటానికి ఆ కౌన్సిల్ మెంబర్ ప్రచారానికి 1,000 డాలర్ల చెక్కు ఇచ్చారు, తర్వాత ఎవరో "నీ బదులు మీ బావ పేరుతో రాయించు, ఆయనకి నువ్వు ఇచ్చెయ్" అన్నారట. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఏ అభ్యర్థికీ, సిటీ కౌన్సిల్‌కి కూడా, ఇవ్వకూడదు, ఇది ఫెడరల్ చట్టం. ఆ రెండో సలహా ఇంకా ఘోరం, దాత పేరు మార్చడం అంటే ఏంటో పైన బెర్రీహిల్ కథలో చెప్పాను, పైగా వీసా మీద ఉన్న మనిషికి అలాంటి కేసు రికార్డులో ఉండటం మామూలు జరిమానాతో పోయేది కాదు. ఇవాళే కమిటీ ట్రెజరర్‌కి ఈమెయిల్ రాయించండి: "నేను అమెరికా పౌరుణ్ణి కాదు, గ్రీన్ కార్డ్ లేదు, నా చందా వెనక్కి పంపండి" అని రెండు వాక్యాలు చాలు. చెక్కు ఇంకా బ్యాంకులో వెయ్యకపోతే చించేయమని కాకుండా తిరిగివ్వమనే అడగండి, జవాబు దాచుకోండి. పదిరోజుల్లో డబ్బు రాకపోతే ఇమిగ్రేషన్ లాయర్‌ని, ఎన్నికల చట్టం తెలిసిన లాయర్‌ని కలవండి, కౌన్సిల్ మెంబర్‌తో ఫోన్‌లో మాట్లాడి సర్దుబాటు చేసుకోవాలని మాత్రం చూడొద్దు.